కొలిమి పక్కన కులం – 4: తడి తుక్కు



పోయిన మూడు భాగాలు చదివి కొందరు ఇన్‌బాక్స్‌లో ఒకటే మాట అడిగారు. ఫ్యాక్టరీ మంటలు, పొగలు సేఫ్టీ ఇంజనీర్లు చూసుకునే విషయం కదా, ఒక తెలుగు లెక్చరర్‌కి ఇందులో ఏం పని అని. దళిత ఉద్యమానికి అసలే ఏం పని అని. ఈ భాగం ఆ ప్రశ్నకే జవాబు.

పోయిన వానాకాలంలో నా డిగ్రీ క్లాసులో ఒక పిల్లగాడు పదకొండు రోజులు రాలేదు. పన్నెండో రోజు వచ్చి స్టాఫ్ రూమ్ బయట నిలబడ్డాడు. చేతిలో స్టాంపు కాగితం. "సార్, ఇది జర చదివి చెప్పుండ్రి. మా నాయినను సంతకం పెట్టుమంటున్నరు" అన్నాడు. (ఇదంతా వాళ్ల అనుమతితోనే రాస్తున్నాను. పేరు, ఊరు, కంపెనీ రాయడం లేదు. కేసు నడుస్తోంది.)

వాళ్ల నాయిన నగర శివారులో ఒక చిన్న స్టీల్ యూనిట్‌లో కాంట్రాక్టు కూలీ. పాత ఇనుము కరిగించి బిల్లెట్లు పోసే చోటు. ఆయన పని ఫర్నేస్‌లోకి తుక్కు వేయడం. ఒక రాత్రి ఫర్నేస్ నోట్లోంచి కరిగిన ఇనుము ఎగజిమ్మింది. మెడ, వీపు, ఎడమ చెయ్యి కాలిపోయాయి. ఒంటి మీదున్న పాలిస్టర్ టీషర్టు కరిగి చర్మానికి అతుక్కుపోయింది. కాగితంలో ఏముందంటే, ప్రమాదవశాత్తు ఇనుము పొంగిందని, గాయాలయ్యాయని, ఇదంతా కార్మికుడి అజాగ్రత్త వల్లే జరిగిందని, ఇచ్చిన డబ్బుతో తృప్తిపడి ఇకముందు ఎక్కడా ఏ దావా వేయడని.

నా డాక్టరేట్ తెలుగు సాహిత్యంలో. వాక్యంలో కర్త ఎక్కడున్నాడో చూడటం నాకు వృత్తి నేర్పిన అలవాటు. ఆ కాగితంలో ఇనుము పొంగింది, గాయాలు అయ్యాయి, ప్రమాదం జరిగింది. యాజమాన్యం మాత్రం ఏ పనీ చేయలేదు. మనిషి కర్తగా వచ్చింది ఒక్క చోటే, అజాగ్రత్త దగ్గర. ఆ మనిషి కాలిపోయినవాడు.

"ప్రమాదం" అనే మాటకి సంస్కృతంలో మొదటి అర్థం ఏమరుపాటు. మన పాత తెలుగు నిఘంటువులూ అదే చెబుతాయి. పాలీ భాషలో దానికి వ్యతిరేక పదం అప్పమాదం, అంటే ఏమరకుండా ఉండటం. ధమ్మపదంలో రెండో వర్గం పేరే అప్పమాద వర్గం. ప్రమాదం అంటే ఎవరో ఒకరు ఏమరడం. మనం ఆ అర్థాన్ని మరిచిపోయి, పిడుగు పడ్డట్టు దానంతటదే జరిగేదాన్ని ప్రమాదం అంటున్నాం. కాబట్టి ప్రతి ప్రమాదం దగ్గరా అడగాల్సిన మొదటి ప్రశ్న: ఏమరింది ఎవరు?

ఆ రాత్రి ఏం జరిగిందో ఆయన ఆస్పత్రి మంచం మీద నుంచి చెప్పిన మాటల్ని బట్టి చూద్దాం.

కరిగిన ఉక్కు 1,600 డిగ్రీల సెల్సియస్ దరిదాపు ఉంటుంది. దాని అడుగుకి నీళ్లు చేరితే క్షణంలో ఆవిరవుతాయి. నీళ్లు ఆవిరైతే సుమారు 1,700 రెట్లు పెరుగుతాయి. ఒక లీటరు నీళ్లకి 1,700 లీటర్ల ఆవిరి. ఆ ఆవిరి పైకి రావడానికి దారి లేక మీదున్న ఇనుమునే తన్నుకుంటూ వస్తుంది. దీనికి పెద్ద చదువు అక్కర్లేదు, కాగిన నూనెలో నీటిచుక్క వేసిన ఎవరికైనా తెలుసు.

ఆ యూనిట్‌లో తుక్కు గుట్ట మీద కప్పు లేదు. రెండు రోజులుగా వాన. డబ్బాల్లో, పైపుల్లో, వంగిన రేకుల మడతల్లో నీళ్లు. మూతబడిన పాత సిలిండర్లు, బండ్ల షాకబ్జార్బర్లు కూడా ఆ గుట్టలోనే ఉంటాయి. లోపలున్న నూనె, గాలి వేడెక్కితే అవి బాంబుల్లా పేలతాయి. వాటిని ముందే ఏరి పక్కన పెట్టాలి, కోయాలి. ఏరడానికి మనుషులు కావాలి. మనుషులంటే జీతం. తడి తుక్కుని ఆరబెట్టడానికి షెడ్డు కావాలి. షెడ్డంటే రేకులు, స్తంభాలు. దూరం నుంచి తుక్కు నెట్టే ఫీడర్ యంత్రాలు ఉన్నాయి. యంత్రమంటే ఖర్చు. వీటన్నిటి కంటే చవక ఒక మనిషి. అతన్ని ఫర్నేస్ నోటి దగ్గర నిలబెట్టారు.

"తడి ఉన్నది సార్, ఇయ్యాల వద్దు అంటే సూపర్‌వైజర్ ఇనలే. హీట్ ఆగితే కరెంటు బిల్లు నువ్వు కడ్తవా అన్నడు." ఇవి ఆయన మాటలు. కర్త దొరికాడా మిత్రులారా? ఇనుము దానంతటది పొంగలేదు. తడి ఉందని ఒక మనిషి చెప్పాడు. వెయ్యమని ఇంకో మనిషి చెప్పాడు. షెడ్డు వద్దని ఇంకో మనిషి ఎప్పుడో లెక్క వేసుకున్నాడు. ఏమరుపాటు కూడా కాదిది, లెక్క చూసుకుని చేసిన పొదుపు.

ఇక్కడితో ఆగితే ఇది సేఫ్టీ వ్యాసం అయ్యేది. కానీ అదే తుక్కు, అదే పొదుపు, గోడ దాటి బస్తీలోకి కూడా వస్తాయి.

పాత రేకుల మీద జింక్ పూత ఉంటుంది. రంగులు, గ్రీజు, ప్లాస్టిక్ ఉంటాయి. జింక్ 907 డిగ్రీలకే మరుగుతుంది. అంటే ఇనుము కరిగేలోపే జింక్ ఆవిరై, గాలి తగిలి తెల్లటి పొగగా మారుతుంది. దాన్ని పీల్చినవాడికి సాయంత్రానికి చలి, జ్వరం, ఒళ్లు నొప్పులు. మరునాటికి తగ్గుతుంది. సెలవు తర్వాత మొదటి షిఫ్టుకి మళ్లీ వస్తుంది. అందుకే ఇంగ్లీషులో దీన్ని సోమవారం జ్వరం అని కూడా అంటారు. మన బస్తీల్లో దీనికి పేరు లేదు. "ఫ్లూ ఉంటది" అని మాత్ర మింగి మళ్లీ షిఫ్టుకి పోతారు. రంగు, నూనె, ప్లాస్టిక్ కాలిన పొగ వేరే కథ. అది ఒక రోజుతో పోదు.

ఈ పొగని పట్టడానికి ఫర్నేస్ మీద హుడ్ ఉండాలి, దాన్ని లాగే ఫ్యాన్ ఉండాలి, చివర బ్యాగ్ ఫిల్టర్ ఉండాలి. పొడవాటి గుడ్డ సంచులు ధూళిని ఆపి గాలిని వదులుతాయి. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి కోసం ఇది కాగితం మీద ప్రతిచోటా ఉంటుంది. కానీ ఆ పెద్ద ఫ్యాన్ కరెంటు తింటుంది. అందుకని రాత్రి పదింటికి ఫ్యాన్ ఆగుతుంది, తెల్లారి మొదలవుతుంది. పారిశ్రామికవాడల పక్కన ఉండే ఏ తల్లిని అడిగినా చెబుతుంది, రాత్రి ఆరేసిన బట్టల మీద పొద్దున నల్లటి పొడి ఎట్లా ఉంటుందో. తనిఖీ అధికారి పగలు వస్తాడు, పొగ రాత్రి వస్తుంది. ఇద్దరూ ఎన్నడూ కలవరు.

మంట వేరు, కాలుష్యం వేరు అని రెండు శాఖలు, రెండు ఉద్యమాలు పెట్టుకున్నాం. ఫ్యాక్టరీ లోపల అవి ఒకటే. బ్యాగ్ ఫిల్టర్‌కి ముందు నిప్పురవ్వల్ని ఆపే అమరిక లేకపోతే, ఒక్క రవ్వ పోయి సంచి అంటుకుంటుంది. అంటే పొగని ఆపాల్సిన యంత్రమే మంట పెడుతుంది. ధూళిని సరిగ్గా తీయకపోతే ఆ ధూళే పేలుతుంది. చైనాలోని కున్‌షాన్‌లో 2014 ఆగస్టు 2న కార్ల చక్రాలు పాలిష్ చేసే ఫ్యాక్టరీలో అల్యూమినియం పొడి పేలింది. చివరి లెక్కకి 146 మంది చనిపోయారు. గొట్టాల్లో, నేల మీద, యంత్రాల మీద పేరుకున్న ధూళి అది. పేలకముందు దాని పేరు కాలుష్యం, రోజూ కార్మికుల ఊపిరితిత్తుల్లోకి పోతూనే ఉంది. పేలాక దాని పేరు అగ్నిప్రమాదం.

మన దగ్గర గ్రైండింగ్ షెడ్లలోకి వెళ్లి చూడండి. గోడకి ఎర్ర సిలిండర్ ఒకటి వేలాడుతుంటుంది. అల్యూమినియం, మెగ్నీషియం పొడి అంటుకుంటే నీళ్లు చల్లకూడదు, మంట ఇంకా పెరుగుతుంది. మామూలు సిలిండర్లూ పనికిరావు. పొడి ఇసుక, లేదా లోహపు మంటల కోసమే చేసిన పొడి వాడాలి. ఇసుక బకెట్లు ఉంటాయి. వాటిలో గుట్కా ఉమ్ము, బీడీ ముక్కలు ఉంటాయి. తడిసిన ఇసుక మంటని ఆర్పదు, పెంచుతుంది. ఈ సంగతి అక్కడ పనిచేసేవాళ్లకి ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే ట్రైనింగ్ ఇస్తే వాళ్లు తమ కార్మికులే అని ఒప్పుకోవాల్సి వస్తుంది.

"చిన్న యూనిట్లు అట్లనే ఉంటయి, పెద్ద పరిశ్రమల్లో అట్లుండదు" అంటారు కొందరు. విశాఖ ఉక్కుని చూద్దాం. అది మనందరి నినాదం, మనందరి గర్వం, ప్రైవేటుకి ఇవ్వొద్దని నేనూ ధర్నాల్లో కూర్చున్నాను. 2012 జూన్ 13న అక్కడి కొత్త స్టీల్ మెల్టింగ్ షాప్-2లో, దాన్ని పనిలోకి తెచ్చే ట్రయల్స్ సమయంలో, ఆక్సిజన్ ఒత్తిడి తగ్గించే యూనిట్ పేలి పదిమందికి పైగా చనిపోయారు. స్వచ్ఛమైన ఆక్సిజన్‌లో ఉక్కు పైపు కూడా కట్టెలా మండుతుంది. పైపులో మిగిలిన చిన్న నూనె మరక, ఇనుప రజను, తొందరగా తిప్పిన వాల్వు, వీటిలో ఏ ఒక్కటైనా చాలు అంటుకోవడానికి. ఇది ఆక్సిజన్ లైన్ల మీద పనిచేసే ఎవరికైనా నేర్పే మొదటి పాఠం. చనిపోయిన వాళ్లలో అధికారులూ ఉన్నారు, కార్మికులూ ఉన్నారు. ఆ నిజాన్ని దాచను.

దాన్ని పట్టుకునే నాకు ఎదురు వాదన వస్తుంది: "చూశారా, నిప్పుకి కులం తెలియదు."

అవును, నిప్పుకి కులం తెలియదు. నిప్పు పక్కన ఎవర్ని నిలబెట్టాలో నిర్ణయించేవాడికి తెలుసు. అధికారి నిప్పు దగ్గరికి ఒక రోజు వస్తాడు, ట్రయల్ ఉన్న రోజు. కాంట్రాక్టు కూలీ రోజూ మూడు షిఫ్టుల్లో అక్కడే ఉంటాడు. అధికారి చనిపోతే కుటుంబం చేతిలో సర్వీసు రిజిస్టర్ ఉంటుంది. కాంట్రాక్టు కూలీ చనిపోతే గేట్ పాస్ ఉంటుంది, ఒక్కోసారి అదీ ఉండదు.

ఒక ఫర్నేస్ యూనిట్ నక్షా గీయండి. ఏసీ ఆఫీసు, అద్దాల ప్యానెల్ రూమ్, ప్లాట్‌ఫామ్, కింద పోత గుంట, ఆ వెనక స్లాగ్ కుప్ప, చివర తుక్కు యార్డు. ఇప్పుడు మీ ఊరి నక్షా గీయండి. గుడి, నడివీధి, బజారు, చివర వాడ. రెండు నక్షాలు ఒకదాని మీద ఒకటి పెట్టి చూడండి. గాలి ఎటు వీస్తే ఊరికి వాడ గాలి తగలదో అటే మా ఇళ్లు పెట్టించారని మా తాతలు చెప్పేవాళ్లు. ఇప్పుడు చిమ్నీ పొగ ఎటు పోతే కాలనీలకి తగలదో అటు మన బస్తీలు ఉన్నాయి. బాబాసాహెబ్ 1936లో "కుల నిర్మూలన"లో కులాన్ని పని విభజనగా సమర్థించే వాదాన్ని చీల్చి చెండాడాడు. ఆయన రాసినదానికి ఇండక్షన్ ఫర్నేస్ కంటే మంచి పటం నాకు కనిపించలేదు.

నిప్పు కంటే ముందున్న మనుషుల్ని కూడా చూడండి. ఆ తుక్కు ఎక్కడినుంచి వస్తుంది? వీధుల్లో పాత ఇనప సామాను కొనేవాడి బండి నుంచి, అక్కడినుంచి చిన్న కొట్టుకి, అక్కడినుంచి గోడౌన్‌కి. 2022 మార్చి 23 తెల్లవారుజామున సికింద్రాబాద్ బోయిగూడలో ఒక స్క్రాప్ గోడౌన్ కాలిపోయింది. మీద పడుకున్న 11 మంది బిహారీ కార్మికులు చనిపోయారు. ఒక్కడు కిటికీలోంచి దూకి బతికాడు. కింద సరుకు, మీద మనుషులు. పనిచోటే పడక. వాళ్లకి విడిగా గది అద్దెకి తీసుకుంటే ఎంతయ్యేదో, ఆ పొదుపు ఖరీదు 11 ప్రాణాలు. షెడ్డు మిగుల్చుకున్న లెక్క, రాత్రి ఫ్యాన్ ఆపి మిగుల్చుకున్న లెక్క, ఇదీ ఒకే ఖాతా పుస్తకంలోవి.

చట్టం ఏం చేస్తోంది? 1984లో భోపాల్ జరిగాక 1987లో ఫ్యాక్టరీల చట్టానికి ఒక అధ్యాయం కలిపారు. ప్రమాదకర పరిశ్రమల జాబితా పెట్టారు. అందులో ఫౌండ్రీలు ఉన్నాయి. కార్మికుడికి ప్రమాదాల గురించి చెప్పి తీరాలన్నారు. ముప్పు కళ్లముందు కనిపిస్తే హెచ్చరించే హక్కు కార్మికుడికి ఉందన్నారు. "తడి ఉన్నది, ఇయ్యాల వద్దు" అన్న ఆ మనిషి తెలియకుండానే ఆ హక్కుని వాడుకున్నాడు. ఆ హక్కు వచ్చి ముప్పై ఎనిమిదేళ్లయినా ఒక సూపర్‌వైజర్ మాట దాన్ని దాటలేకపోయింది.

ఇప్పుడేమో 2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి తెచ్చారు. కరెంటు వాడే చోట 10 మంది ఉంటే ఫ్యాక్టరీ అనేవాళ్లు, ఇప్పుడు 20 మంది ఉండాలి. కరెంటు లేని చోట 20 నుంచి 40 అయింది. కాంట్రాక్టు కార్మికుల నిబంధనలు 20 మందికి వర్తించేవి, ఇప్పుడు 50 మంది ఉంటేనే. పదిహేను మందితో నడిచే గ్రైండింగ్ షెడ్డు, పాలిష్ షెడ్డు, చిన్న పోత కొట్టు ఫ్యాక్టరీ అనే మాట కిందనుంచే జారిపోతాయి. నిప్పు తల లెక్కపెట్టి అంటుకోదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమైతే 2025 జూన్‌లో రోజు పని గరిష్ఠ పరిమితిని 9 గంటల నుంచి 10కి పెంచాలని నిర్ణయించింది. 1942 నుంచి 1946 దాకా కార్మిక శాఖ చూసిన అంబేడ్కర్ పని గంటలు తగ్గించడానికి పోరాడాడు. ఆయన విగ్రహాలకి దండలు వేసేవాళ్లు పని గంటలు పెంచుతున్నారు. పదో గంటలో ఫర్నేస్ దగ్గర నిలబడ్డవాడి కాళ్లు ఎట్లా ఉంటాయో మంత్రివర్గంలో ఎవరికి తెలుసు?

"ఇవన్నీ పెడితే చిన్న యూనిట్లు మూతపడతాయి, మీవాళ్ల ఉపాధే పోతుంది" అనే బెదిరింపు కూడా వినీ వినీ విసుగొచ్చింది. రేకుల షెడ్డు వేస్తే మూతపడే పరిశ్రమ మా మాంసం మీద నడుస్తోందని అర్థం. అట్లాంటి ఉపాధి మా ముత్తాతలకి కూడా ఉండేది. దాని పేరు వెట్టి.

ఇక మన లోపలి మాట. ఎవరైనా చనిపోతే మనం గేటు ముందు శవం పెట్టి ఎక్స్‌గ్రేషియా అడుగుతాం. అది అవసరమే. కానీ మనం వెళ్లేది శవం వచ్చాకే. పర్యావరణ మిత్రులు పొగ గురించి రాస్తారు, ఆ పొగని మొదట పీల్చినవాడి పేరు అడగరు. పెద్ద యూనియన్లు పర్మినెంట్ వాళ్ల కోసం కొట్లాడతాయి. మన కవులం "కొలిమి", "నిప్పురవ్వ", "జ్వాల" అని విప్లవానికి ఉపమానాలుగా వాడుకున్నాం. నేనూ వాడాను, నా థీసిస్ నిండా ఉన్నాయి. ఆ పిల్లగాడి నాయిన వీపు చూశాక ఆ పేజీలు మళ్లీ తెరవాలంటే సిగ్గేస్తోంది.

మరి ఏం చేయాలి? విద్యార్థులు, కార్యకర్తలు రేపటి నుంచే చేయగలిగినవి రాస్తున్నాను.

1. సంతకం ఆపండి. పరిహారం హక్కు వదులుకుంటున్నానని రాయించుకునే ఒప్పందం చెల్లదని 1923 నాటి పరిహార చట్టమే చెప్పింది. ఒకవేళ సంతకం పెట్టేసినా కేసు అయిపోలేదు. కాంట్రాక్టర్ మనిషి అని చెప్పి అసలు యజమాని తప్పించుకోవడానికీ వీల్లేదు.

2. ఆస్పత్రిలో ఎమ్మెల్సీ రాయించండి. "ఇంట్లో పడ్డాడు", "స్టవ్ పేలింది" అని రాయనివ్వకండి. ఈఎస్ఐ నంబరు అడగండి. పనిలో తగిలిన దెబ్బకి ఈఎస్ఐ రక్షణ చేరిన మొదటి రోజు నుంచే ఉంటుంది.

3. సమాచార హక్కు కింద మూడు కాగితాలు తీయండి: కాలుష్య మండలి ఇచ్చిన అనుమతి, అందులోని షరతులు, ఫ్యాక్టరీల శాఖ తనిఖీ నివేదికలు, అగ్నిమాపక శాఖ ఇచ్చిన ఎన్ఓసీ.

4. ప్రతి ఫర్నేస్ యూనిట్‌కీ ఈ ప్రశ్నలు వేయండి. తుక్కు మీద కప్పు ఉందా? మూతబడిన సిలిండర్లు ఏరేది ఎవరు? ఫర్నేస్ లోపలి లైనింగ్ ఎన్ని హీట్‌లకి మారుస్తున్నారు? (లైనింగ్ అరిగితే కరిగిన ఇనుము చుట్టూ ఉన్న రాగి కాయిల్‌ని తాకుతుంది. ఆ కాయిల్ లోపల నీళ్లు తిరుగుతుంటాయి.) లీకేజీ అలారం పనిచేస్తోందా, తీసి పక్కన పెట్టారా? కాంట్రాక్టు వాళ్లకి నిప్పుని తట్టుకునే కోటు, బూట్లు ఇచ్చారా? రెండో తలుపు ఉందా, దానికి తాళం ఉందా? మంట ఆర్పిన నీళ్లు నూనెతో, యాసిడ్‌తో కలిసి ఏ నాలాలోకి పోతాయి?

5. బస్తీలో రాత్రి పొగ రాసుకునే ఒక నోట్‌బుక్ పెట్టండి. తేదీ, గంట, ఎటు గాలి, ఫోటో. నెల రోజుల నోట్‌బుక్ ఒక్క ధర్నా కంటే గట్టి సాక్ష్యం.

6. అన్నిటికంటే ముఖ్యంగా ఈ డిమాండ్ పెట్టండి. ఫ్యాక్టరీ ప్రమాదాల నివేదికల్లో చనిపోయిన, కాలిపోయిన ప్రతి మనిషి కులం, కాంట్రాక్టర్ పేరు, ఎన్నేళ్ల నుంచి పనిచేస్తున్నాడు అన్నది రాయాలి, ఏటా ప్రకటించాలి. తెలంగాణ 2024లో ఇంటింటికీ తిరిగి కులం అడిగింది. ఇంటి దగ్గర అడిగిన ప్రశ్నని ఫర్నేస్ దగ్గర ఎందుకు అడగరు? ఆ గడి నింపిన రోజున "నిప్పుకి కులం తెలియదు" అన్న మాట ఎవరి నోటా రాదు.

ఆ కాగితం సంగతి చెప్పలేదు కదా. వాళ్ల నాయిన సంతకం పెట్టాడు. నేను చదివి చెప్పే సరికే మందుల షాపులో అప్పయింది, ఇంటి కిరాయి ఆగింది. నా ముందు తలొంచుకుని "తప్పు జేసిననా సారూ" అని అడిగాడు. కాలిన మనిషి నన్ను క్షమాపణ అడిగినట్టు అడిగాడు. తప్పు నీది కాదన్నా అన్నాను. ఆ సంతకం చట్టం ముందు నిలవదని వకీలు చెప్పాడు, కేసు వేశాం. పిల్లగాడు క్లాసుకి వస్తున్నాడు. రాత్రులు ఒక గోడౌన్‌లో లోడింగ్ పనికి పోతున్నాడని మొన్ననే తెలిసింది. ఏ గోడౌన్, ఎన్ని తలుపులు ఉన్నాయి అని అడిగాను. "ఒక్కటే సార్" అన్నాడు.

ఈ ఆదివారం మేం ముగ్గురం లెక్చరర్లం, కొందరు విద్యార్థులం ఆ తలుపు చూడటానికి పోతున్నాం. మీ దగ్గరున్న పారిశ్రామికవాడలో మీరూ ఒక తలుపు చూడండి. చూసింది కామెంట్లలో రాయండి, కంపెనీ పేరు కాకుండా, చూసింది మాత్రం ఉన్నదున్నట్టు.

వచ్చే భాగంలో ఎలక్ట్రోప్లేటింగ్ తొట్ల గురించి, క్రోమియం తిన్న ముక్కుల గురించి రాస్తాను.

జై భీమ్.